పాత కార్ట్రిడ్జ్, కొత్త క్లోన్ కన్సోల్: తప్పు ఎవరిది?

రెండో_ఆటగాడు:

అందరికీ నమస్కారం. అమెరికా మార్కెట్ కోసం తయారైన నింటెండో ఎన్‌ఈఎస్ అనే పాత ఆటల కన్సోల్ అసలు కార్ట్రిడ్జ్‌లు నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. చిన్నప్పుడు వీటిని క్యాసెట్లు అనేవాళ్లం. ఇప్పటికీ నోటికి ఆ మాటే ముందు వస్తుంది. వాటిని ఆడించిన పాత కన్సోల్ ఎప్పుడో పాడైపోయింది, కార్ట్రిడ్జ్‌లు మాత్రం ఒక అట్టపెట్టెలో మిగిలిపోయాయి. గత నెలలో, ఆ కార్ట్రిడ్జ్‌లను నేరుగా గుచ్చి హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలుపుకొనే ఒక కొత్త క్లోన్ (నకలు) కన్సోల్ కొన్నాను. అన్ని ఆటలూ ఆడుతుందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాశారు గానీ, లోపల ఏ చిప్ ఉందో, అది ఎలా పనిచేస్తుందో పెట్టె మీదా లేదు, లోపలి కాగితంలోనూ లేదు.

సూపర్ మారియో బ్రదర్స్ మొదటి భాగం అడ్డంకి లేకుండా ఆడుతోంది, కానీ సంగీతం చెవికి ఎక్కడం లేదు. స్వరం తప్పలేదు, వేగం మారలేదు, అయినా తెలిసిన పాటనే ఎవరో వేరే వాయిద్యం మీద వాయిస్తున్నట్టు ఉంది. సూపర్ మారియో బ్రదర్స్ 3లో మారియో నడుస్తున్నంతసేపూ తెర కుడి అంచున ఒక సన్నని నిలువు పట్టీలో రంగులు తప్పుగా వచ్చి, మరుక్షణం సర్దుకుంటున్నాయి. క్యాసిల్‌వేనియా 3 పెడితే బూడిదరంగు తెర తప్ప ఏమీ కనిపించడం లేదు. ది లెజెండ్ ఆఫ్ జెల్డా చక్కగా ఆడుతోంది, ఆటను భద్రపరిచానని కూడా అంటుంది, కానీ మర్నాడు పెడితే నా పేరుతో సహా అంతా చెరిగిపోయి ఉంటోంది. డక్ హంట్‌లో బాతులు ఎగురుతున్నాయి, ఈ కన్సోల్‌కు పాత కంట్రోలర్ పోర్టులే ఉన్నాయి కాబట్టి నా దగ్గరున్న అసలు జాపర్ తుపాకీనే తగిలించాను, అయినా ఎన్నిసార్లు కాల్చినా ఒక్క బాతూ రాలదు. ఆ కుక్క మాత్రం ప్రతిసారీ గడ్డిలోంచి లేచి నవ్వుతుంది.

నా కార్ట్రిడ్జ్‌లు పాడయ్యాయా, లేక ఈ క్లోనే నాసిరకందా? మళ్లీ మళ్లీ పెట్టి తీస్తే కార్ట్రిడ్జ్‌లకు ప్రమాదమేమైనా ఉందా? ఇంకో కన్సోల్ కొనవలసి వస్తే ఏ రకం చూడాలి? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరు.

ఎడ్జ్_కనెక్టర్:

రెండో_ఆటగాడు గారూ, మీరు చెప్పిన ఐదు లక్షణాలకు ముద్దాయి ఒక్కరు కారు. రెండింటికి మీ క్లోన్ బాధ్యత వహించాలి, ఒకటి కార్ట్రిడ్జ్ ముసలితనం, ఒకటి టీవీ వల్ల వచ్చింది, మిగిలిన ఒకటి అసలు తప్పే కాదు. ఇది విడదీయాలంటే ముందుగా ఒక విషయం స్పష్టంగా ఉండాలి. సీడీలో ఉన్నట్టు కార్ట్రిడ్జ్‌లో ఉన్నది కేవలం సమాచారం కాదు. కార్ట్రిడ్జ్ అంటే కన్సోల్ సర్క్యూట్‌లో రెండో సగం. ఎన్‌ఈఎస్ కార్ట్రిడ్జ్ అడుగున ఉండే 72 లోహపు పట్టీల గుండా ప్రాసెసర్ తీగలు, బొమ్మలు గీసే చిప్ తీగలు రెండూ నేరుగా లోపలికి వెళతాయి. కన్సోల్ ఏ క్షణంలో ఏ చిరునామా అడుగుతోందో కార్ట్రిడ్జ్‌లోని చిప్ అప్పటికప్పుడు వింటూ ఉంటుంది.

అలా వినవలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, ఎన్‌ఈఎస్ ప్రాసెసర్ కార్ట్రిడ్జ్‌లో ఆటను దాచే రోమ్ చిప్ నుంచి మామూలుగా ఒకసారికి 32 కిలోబైట్ల ప్రోగ్రామును, బొమ్మల చిప్ 8 కిలోబైట్ల బొమ్మలను మాత్రమే చూడగలవు. సూపర్ మారియో బ్రదర్స్ మొదటి భాగం మొత్తం 40 కిలోబైట్లే కాబట్టి దానికి ఏ మధ్యవర్తీ అక్కరలేదు. అందుకే అది ఎంత చౌక క్లోన్‌లోనైనా ఆడుతుంది. మూడో భాగం 384 కిలోబైట్లు. అంత ఆటను ముక్కలుగా విడగొట్టి, కావలసిన ముక్కను కావలసిన క్షణంలో కన్సోల్ ముందు పెట్టే పనిని కార్ట్రిడ్జ్‌లోనే ఉండే మ్యాపర్ అనే చిప్ చేస్తుంది. ఆ ఆటలోని ఎంఎంసీ3 మ్యాపర్ మరో పని కూడా చేస్తుంది: బొమ్మల చిప్ తీగల్లో ఒకదాని కదలికను బట్టి తెర మీద ఎన్ని గీతలు గీయడం అయిందో లెక్కపెట్టి, సరైన గీత దగ్గర ప్రాసెసర్‌ను తట్టి లేపుతుంది. పైన ఆట జరుగుతున్నా అడుగున ప్రాణాలు, నాణేలు చూపే పట్టీ కదలకుండా నిలబడేది ఆ తట్టు వల్లే.

ఇక మీ క్లోన్ సంగతి. 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్‌లోనూ, దాని అమెరికా రూపంగా తరువాత వచ్చిన ఎన్‌ఈఎస్‌లోనూ ప్రాసెసర్, బొమ్మల చిప్ వేరువేరుగా, చెరో 40 కాళ్లతో ఉంటాయి. ఆ రెండింటినీ, చుట్టూ ఉన్న చిన్నాచితకా భాగాలనూ ఒకే ముక్కలోకి కుదించిన నకలు చిప్‌లు తరువాత లక్షలాది చౌక కన్సోళ్లలోకి చేరాయి. విప్పి చూస్తే బోర్డు మీద చిప్‌కు బదులు ఒక నల్లటి జిగురు బొట్టు కనిపిస్తుంది, దాని కింద ఉండేది అదే. మీ సంగీతం గుట్టు అక్కడే ఉంది. ఎన్‌ఈఎస్‌లో రాగం పలికించే రెండు చతురస్ర తరంగాలకు నాలుగు ఆకారాలు ఉంటాయి, ఒక ఆవృత్తిలో ఎంతసేపు పైన ఉండాలి అన్నదే ఆ తేడా. ఈ నకలు చిప్‌లలో చాలావాటిలో 25 శాతం, 50 శాతం ఆకారాలు తారుమారయ్యాయి. అందువల్ల శ్రుతి సరిగ్గానే ఉంటుంది, లయ సరిగ్గానే ఉంటుంది, గొంతు మాత్రం మారిపోతుంది. మీరు వేరే వాయిద్యం అని రాయడం చూసి నాకు ముచ్చటేసింది, అంతకంటే కచ్చితంగా చెప్పడం కష్టం.

క్యాసిల్‌వేనియా 3 అమెరికా కార్ట్రిడ్జ్‌లో ఎంఎంసీ5 అనే మ్యాపర్ ఉంది. నింటెండో ఆ వరుసలో చేసిన వాటిలో అతి జటిలమైనది అదే. బొమ్మల చిప్ జ్ఞాపకశక్తిని ఏ వరుసలో చదువుతోందో గమనించి, ఆ చదువుడు తీరును బట్టే గీత ఎక్కడ మొదలైందో అది పసిగడుతుంది. అసలు చిప్ చదివే తీరుకు నకలు చిప్ ఏమాత్రం ఎడంగా జరిగినా దానికి దారి తప్పుతుంది. ఒంటి చిప్ క్లోన్లలో చాలావాటిలో ఈ ఆట ఆడదన్నది పాత ఫిర్యాదే, కాబట్టి మీ కార్ట్రిడ్జ్‌ను ఇప్పుడే అనుమానించకండి.

సూపర్ మారియో బ్రదర్స్ 3 కుడి అంచున రంగులు చెదరడం మాత్రం అసలు ఎన్‌ఈఎస్‌లోనూ ఉన్నదే. ఆ ఆట అటు అడ్డంగానూ ఇటు నిలువుగానూ జరుగుతుంది, కానీ అడ్డంగా దాచుకోవడానికి అదనపు తెర జాగా దానికి లేదు, కాబట్టి కొత్త దృశ్యాన్ని కంటికి కనబడే అంచు మీదే గీయవలసి వచ్చింది. రంగులు 16 చుక్కల వెడల్పు గళ్ల లెక్కన మాత్రమే మారతాయి, ఎడమ వైపు 8 చుక్కలనే కప్పిపెట్టగలిగారు, మిగిలినది కుడివైపు బయటపడుతుంది. ఆనాటి గాజు బుడ్డి టీవీలు బొమ్మ అంచులను చట్రం వెనక్కి మింగేసేవి కాబట్టి మనం గమనించలేదు. కొత్త టీవీ చివరి చుక్క దాకా చూపిస్తుంది కాబట్టి ఇప్పుడు గమనిస్తున్నాం.

సోల్డర్_పొగ:

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, కన్సోల్ మీద తీర్పు చెప్పే ముందు కార్ట్రిడ్జ్‌లను శుభ్రం చేయడం తప్పనిసరి అంటాను. బూడిదరంగు తెరకు మురికి పట్టీలు కూడా కారణం కావచ్చు, ముందు ఆ అనుమానం తీరిపోవాలి.

నోటితో ఊదే అలవాటు ఉంటే మానేయండి. ఊదినందువల్ల ఆట మొదలైందని మనమందరం నమ్మాం గానీ, మొదలవడానికి కారణం కార్ట్రిడ్జ్‌ను తీసి మళ్లీ పెట్టడమే. ఊపిరిలోని తేమ పట్టీల మీద మిగిలి తుప్పుకు దారి తీస్తుంది. 90 శాతం, ఆపైన గాఢత ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్లను ముంచి, పిండి, పట్టీల పొడవు వెంబడి రుద్దండి. అడ్డంగా రుద్దితే పట్టీల మధ్య సందుల్లోకి మురికిని తోసినట్టవుతుంది. పుల్ల నల్లబడటం ఆగేదాకా పుల్లలు మారుస్తూ పోయి, పూర్తిగా ఆరాకే కన్సోల్‌లో పెట్టండి. ఆల్కహాల్ వాడవద్దని ఆనాటి ఆట పుస్తకాలలోనే నింటెండో హెచ్చరించిన మాట నిజం, ఆ హెచ్చరిక తెలిసే నేను ఇది చెబుతున్నాను. ఇన్నేళ్లలో పట్టీలు మాత్రమే తడిసేలా వాడినప్పుడు నాకు ఒక్క కార్ట్రిడ్జ్ కూడా చెడలేదు. నేను చెడగొట్టిన ఒకే ఒక్క కార్ట్రిడ్జ్ గరుకు కాగితం పుణ్యం. తళతళలాడాలని రుద్దాను, తళతళలాడింది కూడా, కానీ బంగారు పూత పోయి రాగి బయటపడి, కొన్ని నెలలకే అవి నల్లగా మాడినట్టు తయారయ్యాయి. పెన్సిల్ రబ్బరు కూడా అదే పనిని కాస్త నెమ్మదిగా చేస్తుంది.

జెల్డా విషయంలో నాకు సందేహమే లేదు, దాని బ్యాటరీ అయిపోయింది. 1987లో అమెరికాలో వచ్చిన ఆ బంగారు రంగు కార్ట్రిడ్జ్‌లో మీ పేరును, మీరు గెలుచుకున్న సామానును దాచేది ఒక చిన్న ర్యామ్ చిప్. కరెంటు లేనప్పుడు ఆ చిప్‌ను బతికించేది 3 వోల్టుల సీఆర్2032 నాణెం బ్యాటరీ. కన్సోల్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ ర్యామ్‌కు కన్సోల్ నుంచే కరెంటు అందుతుంది కాబట్టి భద్రపరిచినట్టే కనిపిస్తుంది, ఆఫ్ చేయగానే మరిచిపోతుంది. దీన్ని ఏ కొత్త కన్సోలూ బాగుచేయలేదు.

మార్చడం కష్టం కాదు గానీ కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. కార్ట్రిడ్జ్ విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ మొన కావాలి. తొలినాళ్ల కార్ట్రిడ్జ్‌లు కొన్నింటికి మామూలు స్క్రూలే ఉంటాయి. పాత బ్యాటరీని దాని లోహపు రెక్కలతో సహా బోర్డు నుంచి సోల్డర్ కరిగించి తీయాలి. కొత్తది కూడా రెక్కలు ముందే అతికించి వచ్చిన రకమే తీసుకోండి; మామూలు నాణెం బ్యాటరీ మీద నేరుగా సోల్డరింగ్ ఇనుము పెడితే అది వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. ధన, రుణ వైపులు బోర్డు మీద గుర్తుపెట్టి ఉంటాయి, తారుమారు చేయకండి. ఆ తరువాత ఆట ఆపేటప్పుడు రీసెట్ మీట నొక్కి పట్టుకొని పవర్ ఆఫ్ చేయమని జెల్డా తెర మీదే చెబుతుంది, ఆ మాట వినండి. కరెంటు తగ్గిపోయే ఆ క్షణంలో ప్రాసెసర్ పిచ్చి అంకెలను ర్యామ్‌లో రాసేయకుండా దాన్ని కట్టిపడేసే ఉపాయం అది.

పెట్టి తీయడం గురించి అడిగారు. మామూలు బిగువు ఉన్న సాకెట్ వల్ల ఏమీ కాదు. కొన్ని క్లోన్లలోని సాకెట్ కార్ట్రిడ్జ్‌ను పళ్లతో కరిచినట్టు పట్టుకుంటుంది. లాగేటప్పుడు కన్సోల్ మొత్తం బల్ల మీంచి లేచి వస్తే మీది అలాంటిదని అర్థం. పట్టీల మీద కొత్తగా నిలువు గీతలు పడుతున్నాయేమో వెలుతురులో వంచి చూడండి. అటూ ఇటూ ఊపి లాగకుండా, రెండు చేతులతో నిటారుగా తీయండి.

రెండో_ఆటగాడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సెలవు కావడంతో సాయంత్రమంతా ఇదే పని చేశాను. తొమ్మిది కార్ట్రిడ్జ్‌లకు ఇరవై ఆరు దూది పుల్లలు ఖర్చయ్యాయి, మొదటి పుల్ల బొగ్గులో ముంచినట్టు వచ్చింది. జెల్డా బ్యాటరీని మల్టీమీటర్‌తో చూస్తే అర వోల్టు కూడా చూపించలేదు, కాబట్టి సోల్డర్_పొగ గారి మాట నిజమైంది. క్యాసిల్‌వేనియా 3 పట్టీలు ఇప్పుడు అద్దంలా ఉన్నాయి, తెర మాత్రం అదే బూడిదరంగు. క్లోన్ అడుగున స్క్రూలు తీసి చూశాను: ఎడ్జ్_కనెక్టర్ గారు చెప్పిన నల్లటి జిగురు బొట్టు నడిబొడ్డున నన్నే చూస్తోంది. పట్టీల మీద సన్నని గీతలు కూడా కనిపిస్తున్నాయి, అందువల్ల ఈ కన్సోల్‌ను ఇక పక్కన పెట్టేస్తాను.

ఇప్పుడు ప్రశ్న మారింది. కార్ట్రిడ్జ్‌ను చదివి తన జ్ఞాపకంలోకి ఎక్కించుకొనే కన్సోళ్లు ఒక రకమనీ, ఎఫ్‌పీజీఏ అనే చిప్‌తో పనిచేసేవి మరో రకమనీ చదివాను. రెండూ అసలు కార్ట్రిడ్జ్‌నే తీసుకుంటున్నప్పుడు తేడా ఎక్కడుంది? మీట నొక్కిన తరువాత మారియో కాస్త ఆలస్యంగా ఎగురుతున్నట్టు కూడా నాకు అనిపిస్తోంది. అది కన్సోల్ వల్లనా, టీవీ వల్లనా? డక్ హంట్ తుపాకీకి విరుగుడు ఉందా?

కాథోడ్_నీడ:

మొదటి రకంలో లోపల ఉండేది ఒక చిన్న కంప్యూటర్, దాని మీద నడుస్తూ పాత కన్సోల్‌ను అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాము. కార్ట్రిడ్జ్ పెట్టగానే అందులోని రోమ్‌ను మొత్తం చదివి కాపీ చేసుకుంటుంది, ఆ తరువాత ఆడేది ఆ కాపీనే. కార్ట్రిడ్జ్ అక్కడ తాళంచెవి పాత్ర మాత్రమే పోషిస్తుంది. అందులోని మ్యాపర్ చిప్ ఊరికే కూర్చుంటే, దాని పనిని కూడా ప్రోగ్రామే నటించి చూపిస్తుంది. 1993లో, ఎన్‌ఈఎస్ తరువాతి కన్సోల్ అయిన సూపర్ నింటెండోకు వచ్చిన స్టార్ ఫాక్స్ ఆట దీనికి మంచి ఉదాహరణ. త్రికోణాలతో విమానాలను గీయడానికి సూపర్ ఎఫ్ఎక్స్ అనే ప్రాసెసర్‌నే ఆ కార్ట్రిడ్జ్‌లో పెట్టారు, కానీ చదివి ఎక్కించుకొనే కన్సోల్‌లో ఆ ప్రాసెసర్‌కు పనే ఉండదు. ఈ పద్ధతిలో మరో చిక్కు ఉంది: మ్యాపర్ ఏదో ముందే తెలియకపోతే రోమ్ ముక్కలను పూర్తిగా చదవడమే కుదరదు, కాబట్టి పాత ఆటలు చాలావరకు ఆడినా, ఈ మధ్య అభిమానులు సొంతంగా చేసి విడుదల చేస్తున్న కొత్త కార్ట్రిడ్జ్‌లలో కొన్ని అడ్డం తిరుగుతాయి. మీరు భద్రపరిచిన ఆట కూడా కన్సోల్ జ్ఞాపకంలో మిగిలి, కార్ట్రిడ్జ్‌లోకి తిరిగి రాయమని మీరు చెప్పేదాకా అక్కడికి చేరకపోవచ్చు.

ఎఫ్‌పీజీఏ అంటే తయారయ్యాక కూడా లోపలి వైరింగును మార్చుకోగల చిప్. దానికి ఎన్‌ఈఎస్ ప్రాసెసర్, బొమ్మల చిప్ ఎలా కలిసి పనిచేస్తాయో సర్క్యూట్ రూపంలో వర్ణించి ఇస్తే, ఆ రెండూ ఒకేసారి, గడియారం టిక్కుటిక్కుకూ పక్కపక్కన నడుస్తాయి. అలాంటి కన్సోల్ కార్ట్రిడ్జ్‌ను కాపీ చేసుకోకుండా అసలు ఎన్‌ఈఎస్ లాగే దాని తీగలతో నేరుగా మాట్లాడగలదు, కాబట్టి ఎంఎంసీ5 లాంటి చిప్‌లకు తమ పని తాము చేసుకొనే వీలు ఉంటుంది. 2016లో వచ్చిన రెట్రోయూఎస్‌బీ ఏవీఎస్, 2018లో వచ్చిన అనలాగ్ సూపర్ ఎన్‌టీ, 2019లో వచ్చిన మెగా ఎస్‌జీ ఈ కోవలోవే. మొదటిది ఎన్‌ఈఎస్‌కు, రెండోది సూపర్ నింటెండోకు, మూడోది సెగా మెగా డ్రైవ్‌కు.

ఆలస్యం గురించి మీకు అనిపించింది భ్రమ కాకపోవచ్చు. ఎన్‌ఈఎస్ బొమ్మను దాచుకోదు, ఒక్కో గీత తయారైన వెంటనే బయటికి పంపేస్తుంది, గాజు బుడ్డి టీవీ దాన్ని అప్పుడే వెలిగిస్తుంది. కొత్త టీవీ బొమ్మ మొత్తం అందేదాకా ఆగి, దాన్ని సాపు చేసి, పెంచి చూపిస్తుంది. ఒక బొమ్మ (ఫ్రేమ్) ఆలస్యం అంటే దాదాపు 16.7 మిల్లీసెకన్లు, అలాంటివి మూడు నాలుగు పోగైతే చేతికి తెలిసిపోతుంది. ముందుగా టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, సగం ఫిర్యాదు అక్కడే తీరవచ్చు.

ఇందులో నాకు భలే ఇష్టమైన చిక్కు ఒకటి ఉంది. అమెరికా ఎన్‌ఈఎస్ సెకనుకు 60 బొమ్మలు కాకుండా సుమారు 60.1 బొమ్మలు పంపుతుంది. టీవీకి కచ్చితంగా 60 కావాలంటే, పది సెకన్లకు ఒక బొమ్మ చొప్పున మిగులు తేలుతుంది. దాన్ని పారేస్తే తెర జారుతున్నప్పుడు చిన్న తడబాటు కనిపిస్తుంది. పారేయకూడదనుకుంటే ఆటను వెయ్యిలో ఒకటిన్నర వంతు నెమ్మదిగా నడపాలి. సూపర్ నింటెండోకూ ఇదే బాధ ఉంది, అందుకే సూపర్ ఎన్‌టీలో ఆలస్యం లేని పద్ధతి, పూర్తిగా దాచి పంపే పద్ధతి అని వేరువేరుగా ఎంచుకొనే వీలు పెట్టారు. గీతల లెక్కలోనూ ఇలాంటిదే ఉంది. ఎన్‌ఈఎస్ బొమ్మ 240 గీతలు, దాన్ని మూడింతలు చేస్తే సరిగ్గా 720, ఏవీఎస్ 720 గీతల దగ్గరే ఆగడానికి అది సరిపోతుంది. 1080 కావాలంటే నాలుగున్నర ఇంతలు చేయాలి. సగం గీత గీయలేం కాబట్టి ఒక గీత లావుగా, మరొకటి సన్నగా వచ్చి, తెర జారినప్పుడు బొమ్మ అలలు కడుతుంది. నాలుగింతలు చేసి పైనా కిందా నల్ల అంచు వదలడమో, ఐదింతలు చేసి 24 గీతలను కోసేయడమో మేలు.

తుపాకీకి మాత్రం ఏ కొత్త కన్సోల్‌లోనూ విరుగుడు లేదు. మీట నొక్కగానే ఆట ఒక్క బొమ్మసేపు తెరను నల్లగా చేసి, తరువాత బాతు ఉన్న చోట తెల్లటి గడి వెలిగించి, సరిగ్గా ఆ క్షణంలో తుపాకీ కన్నుకు వెలుతురు తగిలిందా అని చూస్తుంది. మీ టీవీ ఆ తెల్లటి గడిని చూపించేసరికి ఆట చూడటం మానేసి ఉంటుంది. పైగా గాజు బుడ్డి టీవీ వెలుగులోని వేగవంతమైన మిణుకును మాత్రమే గుర్తించేలా ఆ తుపాకీ లోపలి సర్క్యూట్‌ను తీర్చారు, కాబట్టి ఆలస్యమే లేని ఎల్‌సీడీ దొరికినా అది గుడ్డిదే.

అసలు_పెట్టె:

ఇంత వెతుకులాట ఎందుకని అడగాలనిపిస్తోంది. పాడైన అసలు ఎన్‌ఈఎస్‌లు ఇంకా దొరుకుతున్నాయి, వాటిలో చాలావాటికి వచ్చిన జబ్బు ఒక్కటే. ముందు నుంచి పెట్టి కిందికి నొక్కే ఆ 72 పిన్నుల సాకెట్ వదులైపోతుంది, పట్టీలు సరిగా తగలవు. అనుమతి లేని కార్ట్రిడ్జ్‌లను ఆపడానికి కన్సోల్‌లో పెట్టిన తాళం చిప్‌కు కార్ట్రిడ్జ్‌లోని తాళంచెవి చిప్ బదులు వినిపించక, సెకనుకోసారి కన్సోల్‌ను రీసెట్ చేస్తూ ఉంటుంది. ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉండేది అందుకే. సాకెట్ మార్చి, తాళం చిప్ నాలుగో కాలిని బోర్డు నుంచి లేపేస్తే ఆ ఆరడం వెలగడం ఆగిపోతుంది. 1993లో వచ్చిన, పై నుంచి గుచ్చే ఎన్‌ఈఎస్‌లో నింటెండోనే ఆ తాళాన్ని తీసేసింది. ఒక్క హెచ్చరిక: మీరు జపాన్ ఫామికామ్ కూడా తెచ్చుకుంటే రెండింటి అడాప్టర్లను కలపకండి. ఎన్‌ఈఎస్ అడాప్టర్ 9 వోల్టుల ఏసీ ఇస్తుంది, ఫామికామ్‌కు కావలసింది 10 వోల్టుల డీసీ. ప్లగ్గు దూరుతుంది కదా అని పెట్టినవాళ్లు కన్సోల్‌నే పోగొట్టుకున్నారు.

అసలు చిప్‌లు, అసలు గొంతు, అసలు సమయం ఉన్నప్పుడు నకలుకు నకలు ఎందుకు?

ఎడ్జ్_కనెక్టర్:

అసలు_పెట్టె గారి మాటలో సగం నేనూ ఒప్పుకుంటాను, ఇంట్లో గాజు బుడ్డి టీవీ ఉన్నవారికి ఆ దారే ఉత్తమం, డక్ హంట్ కూడా కలిసి వస్తుంది. కానీ రెండో_ఆటగాడు గారి దగ్గర ఉన్నది కొత్త టీవీ. అసలు ఎన్‌ఈఎస్ పంపే పసుపు తీగ బొమ్మను ఈ టీవీలు చాలావరకు వేరే రకం సంకేతంగా పొరబడి, రెండేసి గీతలను కలిపి మసకబారుస్తాయి, ఆలస్యం కూడా పెంచుతాయి. దాన్ని చక్కదిద్దాలంటే మధ్యలో మరో యంత్రం కొనవలసి వస్తుంది.

అదే సమయంలో ఎఫ్‌పీజీఏ అన్న మూడు నాలుగు అక్షరాలు చూసి మోసపోకండి. అది కూడా ఒక మనిషి అసలు చిప్‌ను అర్థం చేసుకొని రాసిన వర్ణనే. ఆ మనిషికి అర్థం కానిది ఆ కన్సోల్‌కూ తెలియదు. సూపర్ ఎన్‌టీ సర్క్యూట్లను రాసిన కెవిన్ హార్టన్ అంతకుముందు ఏళ్ల తరబడి ఆ పాత చిప్‌ల ప్రవర్తనను కొలుస్తూ వచ్చారు, ఆ కన్సోల్‌కు పేరు రావడానికి ఆ కొలతలే కారణమని నా నమ్మకం. మంచి ఎమ్యులేటర్ చెడ్డ ఎఫ్‌పీజీఏ కన్నా నయం. తప్పులు బయటపడినప్పుడు సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేస్తున్నారా లేదా అన్నది కొనేముందు చూడండి.

మరొకటి కూడా చూడమంటాను. క్యాసిల్‌వేనియా 3 మీకు ఇష్టమైన ఆట అయితే, ఎప్పుడో ఒకనాడు 1989లో జపాన్‌లో వచ్చిన దాని మాతృక కార్ట్రిడ్జ్ మీద మనసు పడుతుంది. అందులో ఎంఎంసీ5కు బదులు కొనామీ సొంత చిప్ వీఆర్‌సీ6 ఉంది, అది అదనంగా మూడు గొంతులు పలికిస్తుంది. ఫామికామ్ తన ధ్వనిని 45వ పిన్ను గుండా కార్ట్రిడ్జ్‌లోకి పంపి, 46వ పిన్ను గుండా వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ దారిలోనే కార్ట్రిడ్జ్ తన గొంతు కలుపుతుంది, అలాంటి గొంతు లేని ఆటలలో ఆ రెండు పిన్నులనూ ఊరికే కలిపేస్తారు. ఎన్‌ఈఎస్ కార్ట్రిడ్జ్ సాకెట్‌లో ఆ దారే లేదు. అందువల్ల ఫామికామ్ కార్ట్రిడ్జ్‌లు పట్టే 60 పిన్నుల సాకెట్ విడిగా ఉందా, ఆ అదనపు ధ్వనిని కలుపుతుందా అన్నది ముందే కనుక్కుంటే తరువాత బాధపడనక్కరలేదు.

రెండో_ఆటగాడు:

ఇవాళ్టి సంగతి కూడా రాసి ముగిస్తాను. ఒక స్నేహితుడి దగ్గర ఎఫ్‌పీజీఏ కన్సోల్ ఉందని తెలిసి, క్యాసిల్‌వేనియా 3ను జేబులో వేసుకొని వెళ్లాను. మొదటిసారి పెట్టగానే బూడిదరంగు తెర రాలేదు, ఆట మొదలైంది. నా కార్ట్రిడ్జ్ నిరపరాధి అని రుజువైంది గానీ, మొదటి మెట్ల దగ్గరే మూడుసార్లు చచ్చాను, దానికి ఏ చిప్‌నూ నిందించలేను. సూపర్ మారియో బ్రదర్స్ కూడా పెట్టి విన్నాం; మొదటి రెండు స్వరాలకే నా చిన్ననాటి గొంతు గుర్తొచ్చింది. మూడో భాగంలో కుడి అంచు రంగులు అక్కడా చెదిరాయి, ఎడ్జ్_కనెక్టర్ గారు చెప్పినట్టే.

60 పిన్నుల సాకెట్ ఉన్న ఎఫ్‌పీజీఏ కన్సోల్ కోసమే చూస్తున్నాను. రెక్కలున్న బ్యాటరీ తెప్పించి జెల్డాలో స్నేహితుడి చేత సోల్డర్ చేయించాను, నిన్న రాత్రి పేరు రాసి, రీసెట్ నొక్కి పట్టుకొని ఆపాను. పొద్దున పెట్టి చూస్తే పేరు అలాగే ఉంది.